జాన్ క్రౌస్: ఒక యాంటెన్నా ఆచార్యుడి పని, పాఠం, ఆకాశం

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి 1980లో పదవీ విరమణ చేసిన జాన్ డి. క్రౌస్ ఆచార్య పదవి పేరులో రెండు శాస్త్రాలు కనిపిస్తాయి. ఒకటి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, రెండోది ఖగోళశాస్త్రం. యాంటెన్నాల మీద జీవితమంతా పనిచేసిన మనిషికి ఖగోళశాస్త్రంలో ఆచార్యత్వం ఎందుకు దక్కిందన్న ప్రశ్నకు జవాబు వెతికితే, ఆయన విద్యా జీవితంలో విడివిడిగా కనిపించే ఘట్టాలన్నీ ఒకే దారిలో ఉన్నాయని తెలుస్తుంది. కుర్రతనపు హామ్ రేడియో (సరదాగా సొంత స్టేషన్ నడిపే ఔత్సాహిక రేడియో), ఇంటి నేలమాళిగలో చుట్టిన తీగ, తరతరాల విద్యార్థులు చదివిన పాఠ్యపుస్తకం, ఫుట్‌బాల్ మైదానం కంటే పెద్ద రేడియో టెలిస్కోపు, ఇవన్నీ యాంటెన్నాను ఆయన ఎలా అర్థం చేసుకున్నారన్న దానిలోంచే వచ్చాయి. క్రౌస్ దృష్టిలో యాంటెన్నా అంటే రిసీవరుకు తగిలించే ఒక భాగం కాదు. ఒక కొస తీగలోనూ, మరో కొస అంతరిక్షంలోనూ ఉన్న ఒక సంధి. ఆ రెండో కొస దాకా వెళ్లిన ఇంజినీరు ఖగోళశాస్త్రవేత్త కాకుండా ఉండడం కష్టం.

క్రౌస్ 1910లో మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్‌లో పుట్టారు. తండ్రి ఎడ్వర్డ్ క్రౌస్ మిషిగన్ యూనివర్సిటీలో ఖనిజశాస్త్ర ఆచార్యులు. కొడుకు అదే విశ్వవిద్యాలయంలో చదివి 1933లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. తరువాత అక్కడే నిర్మించిన వంద టన్నుల సైక్లోట్రాన్ (పరమాణు కణాల వేగం పెంచే యంత్రం) పనిలో పాలుపంచుకున్నారు. పట్టా భౌతికశాస్త్రంలో వచ్చినా చేతివేళ్లకు అలవాటైన విద్య మాత్రం రేడియోదే. చిన్నవయసులోనే హామ్ రేడియోలో అడుగుపెట్టిన ఆయన కాల్‌సైన్, అంటే స్టేషన్ గుర్తింపు పేరు, డబ్ల్యూ8జేకే. ఆ అక్షరాలు కాలక్రమంలో ఒక యాంటెన్నాకే పేరుగా స్థిరపడ్డాయి.

ఆ యాంటెన్నా కథలోనే క్రౌస్ పని పద్ధతి అంతా ఉంది. రెండు యాంటెన్నా తీగలను పక్కపక్కన పెట్టి ఒక దిక్కుకు శక్తిని కేంద్రీకరించాలంటే వాటి మధ్య కనీసం పావు తరంగదైర్ఘ్యం దూరం ఉండాలని అంతవరకు ఎక్కువమంది ఇంజినీర్లు అనుకునేవారు. 1937లో ఆర్‌సీఏ సంస్థకు చెందిన జార్జ్ బ్రౌన్ ప్రచురించిన ఒక పత్రం, అంతకంటే దగ్గరగా పెట్టినా లాభమేనని లెక్క కట్టి చూపింది. చాలామంది చదివి పక్కన పెట్టిన ఆ లెక్కను క్రౌస్ తీగలతో కట్టి చూశారు. రెండు తీగలను ఎనిమిదో వంతు తరంగదైర్ఘ్యం దూరంలో ఉంచి, వాటిలో విద్యుత్తు ఎదురెదురు దిశల్లో ప్రవహించేలా అమర్చారు. తీగలకు అడ్డంగా ఉన్న దిక్కులో, అంటే రెండిటికీ సమదూరంలో, వాటి ప్రభావాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. తీగలున్న తలం వెంట మాత్రం ఒక తీగ తరంగం రెండోదానికంటే కొంచెం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి పూర్తి రద్దు జరగదు. మిగిలిన శక్తి అటూ ఇటూ రెండు దిక్కులకే పరిమితమవుతుంది. ఇరవై మీటర్ల బ్యాండులో అయిదు మీటర్ల ఎడం ఉండాల్సిన చోట రెండున్నర మీటర్లు సరిపోయిందంటే, ఒక మనిషి ఇంటి పెరట్లో కట్టుకోగల పరిమాణానికి దిశాయాంటెన్నా దిగివచ్చిందని అర్థం.

దీనికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది. రెండు తీగలు ఒకదాని పనిని మరొకటి చాలావరకు రద్దు చేస్తున్నప్పుడు, అంతే శక్తిని బయటికి పంపడానికి తీగలో చాలా ఎక్కువ కరెంటు ప్రవహించాలి. అప్పుడు తీగ నిరోధంలోనూ, అతుకుల్లోనూ వేడిగా పోయే శక్తి పెరుగుతుంది. కాగితం మీద కనిపించిన లాభం సన్నని తీగతో, తుప్పు పట్టిన అతుకులతో ఆవిరైపోతుంది. ఈ విషయం సమీకరణంలో ఒక చిన్న పదంగా ఉంటుంది కానీ, కట్టినవాడికి అదే ముందు కనిపిస్తుంది. నష్టాలను ఎక్కడో చివర కాకుండా మొదటే లెక్కలోకి తీసుకోవాలన్నది ఈ పెరటి అనుభవం నేర్పే పాఠం.

1938లో రూపొందించిన కార్నర్ రిఫ్లెక్టరు కూడా ఇదే తరహా ఆలోచన. పారాబోలా ఆకారంలో లోహాన్ని వంచడం ఖరీదైన పని. దాని బదులు రెండు చదును లోహపు పలకలను తొంభై డిగ్రీల కోణంలో, తెరిచిన పుస్తకంలా నిలబెట్టి, మధ్యలో ఒక డైపోల్‌ను (మధ్యలో కరెంటు అందించే రెండు తీగముక్కల యాంటెన్నాను) ఉంచితే ఏమవుతుంది? రెండు అద్దాల మూలలో పెట్టిన దీపానికి మూడు ప్రతిబింబాలు ఏర్పడినట్లే, ఆ డైపోల్‌కూ మూడు ప్రతిబింబాలు ఏర్పడతాయి. నాలుగు మూలాల తరంగాలు కలిసి ముందువైపు బలమైన బీమ్‌గా, అంటే ఒకే దిక్కుకు సాగే తరంగాల పుంజంగా, మారతాయి. పలకలు కూడా అక్కర్లేదు, వరుసగా పేర్చిన కడ్డీలు చాలు. యూహెచ్ఎఫ్ టెలివిజన్ కాలంలో ఇళ్ల కప్పుల మీద వెలసిన అనేక యాంటెన్నాలకు ఈ మూలే ఆధారం.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆయన పని కొన్నేళ్లు రక్షణ అవసరాలకు మళ్లింది. అయస్కాంత మైన్ల బారిన పడకుండా నౌకల అయస్కాంతత్వాన్ని తటస్థం చేసే పనిలో అమెరికా నౌకాదళానికి సాయపడ్డారు. తరువాత హార్వర్డ్‌లోని రేడియో రీసెర్చ్ లేబరేటరీలో శత్రు రాడార్లను అయోమయపరిచే పరికరాల మీద పనిచేశారు. యుద్ధం ముగిశాక 1946లో ఒహాయో స్టేట్‌లో చేరారు. సెంటీమీటర్ల తరంగాలను పుట్టించే గొట్టాలు, వాటిని కొలిచే పరికరాలు, వాటితో పనిచేసి వచ్చిన మనుషులు ఒక్కసారిగా విశ్వవిద్యాలయాలకు అందుబాటులోకి వచ్చిన కాలమది. యాంటెన్నా అనేది ఒక బోధనాంశంగా నిలదొక్కుకున్నది అప్పుడే.

ఆయన పేరును శాశ్వతం చేసిన హెలికల్ యాంటెన్నా, అంటే స్ప్రింగులా చుట్టిన తీగ (హెలిక్స్) యాంటెన్నా, ఆ ఏడాదే పుట్టింది. సూక్ష్మతరంగాల బలాన్ని పెంచే ట్రావెలింగ్ వేవ్ ట్యూబుల మీద ఒక ప్రసిద్ధ శాస్త్రవేత్త ఉపన్యాసం విన్నారు క్రౌస్. ఆ ట్యూబులో స్ప్రింగులా చుట్టిన తీగ ఎలక్ట్రాన్ పుంజం చుట్టూ తరంగాన్ని నడిపిస్తుంది. అలాంటి చుట్ట యాంటెన్నాగా పనికొస్తుందా అని ఉపన్యాసం తరువాత అడిగారు. తాను ప్రయత్నించి చూశానని, పనిచేయదని సమాధానం వచ్చింది. చుట్ట వ్యాసం ట్యూబులో ఉన్నట్లు తరంగదైర్ఘ్యంలో చాలా చిన్న వంతు కాకుండా మరింత పెద్దదైతే అది ఏదో ఒక విధంగా శక్తిని వెదజల్లి తీరాలన్నది క్రౌస్ తర్కం. ఇంటికి వచ్చి నేలమాళిగలో తన దగ్గరున్న 12 సెంటీమీటర్ల తరంగాలను పుట్టించే ఆసిలేటరుకు సరిపడేలా, చుట్టుకొలత సరిగ్గా 12 సెంటీమీటర్లు ఉండేట్లు ఏడు చుట్లు తీగ చుట్టి, ఒక లోహపు పలక ముందు నిలిపి, కోయాక్సియల్ కేబుల్‌తో కలిపారు. తెరిచి ఉన్న కొసవైపు నుంచి సన్నని బీమ్ వెలువడింది. పైగా ఆ తరంగం సర్క్యులర్ పోలరైజేషన్‌తో ఉంది, అంటే విద్యుత్ క్షేత్రం ఒకే గీత వెంట ఊగకుండా గుండ్రంగా తిరుగుతూ ముందుకు సాగుతోంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి ఒక్క చుట్టును తీసుకుంటే చాలు. చుట్టుకొలత ఒక తరంగదైర్ఘ్యం ఉన్నప్పుడు చుట్టులో ఎదురెదురుగా ఉన్న రెండు బిందువుల మధ్య తీగ వెంట దూరం అర తరంగదైర్ఘ్యం. తీగ వెంట చూస్తే ఆ రెండుచోట్లా విద్యుత్తు వ్యతిరేక దశలో ఉంటుంది. కానీ ఆ రెండుచోట్లా తీగ కూడా వ్యతిరేక దిశల్లో వంగి ఉంటుంది. రెండు వ్యతిరేకాలు కలిసి, అంతరిక్షంలో చూసినప్పుడు రెండు వైపులా విద్యుత్తు ఒకే దిశలో ప్రవహిస్తున్నట్లవుతుంది. అందుకే అక్షం వెంట అవి బలపడతాయి. తరంగం చుట్టు వెంట ముందుకు జరిగేకొద్దీ ఆ ఉమ్మడి దిశ కూడా తిరుగుతుంది. ఒక ఆవర్తనం పూర్తయ్యేసరికి ఒక పూర్తి భ్రమణం చేస్తుంది. కుడివైపు చుట్టిన తీగ కుడి భ్రమణాన్నీ, ఎడమవైపు చుట్టిన తీగ ఎడమ భ్రమణాన్నీ ఇస్తుంది.

ఆవిష్కరణ ఒక సాయంత్రంలో ముగిసినా దాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతో కాలం పట్టింది. రకరకాల వ్యాసాలతో, రకరకాల చుట్ల సంఖ్యలతో కొలిచి చూసిన క్రౌస్‌కు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి దొరికింది. చుట్టుకొలత తరంగదైర్ఘ్యంలో ముప్పావు వంతు నుంచి ఒకటింబావు దాటేవరకు మారినా బీమ్ చెడిపోవడం లేదు. చుట్ట వెంట తరంగం నడిచే వేగం, ముందు దిక్కుకు అనుకూలంగా ఉండేలా దానంతట అదే సర్దుకుంటోంది. యాంటెన్నాల లోకంలో ఇలాంటి ఉదారత అరుదు. చాలా యాంటెన్నాలు కొద్దిపాటి కొలత తేడాకే మొరాయిస్తాయి. ఉపగ్రహాల యుగం మొదలయ్యాక ఈ గుణమే హెలిక్స్‌ను అవసరమైన వస్తువుగా మార్చింది. అయనోవరణం గుండా వచ్చే తరంగపు పోలరైజేషన్ మెలితిరుగుతుంది, అంతరిక్షంలో ఉపగ్రహం కూడా తన భంగిమ మార్చుకుంటుంది. గీతలా ఊగే తరంగానికి ఇవి రెండూ ఇబ్బందే. గుండ్రంగా తిరిగే తరంగానికి కావు. భూమి మీది ఫోన్లకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల మీద గుంపుగా అమర్చిన యాంటెన్నాలు కూడా హెలిక్స్‌లే.

ఈ విజయాన్ని చెప్పేటప్పుడు ఒక లోటునూ చెప్పాలి. హెలిక్స్ ఎంత గెయిన్ ఇస్తుందో, అంటే ఒక దిక్కున సంకేతాన్ని ఎన్ని రెట్లు బలపరుస్తుందో, చెప్పడానికి క్రౌస్ ఇచ్చిన సూత్రం చాలా సులువైనది: తరంగదైర్ఘ్యాల్లో కొలిచిన చుట్టుకొలత వర్గాన్ని, చుట్ల సంఖ్యను, చుట్ల మధ్య ఎడాన్ని గుణించి, వచ్చినదాన్ని 15తో హెచ్చించాలి. ఏడు చుట్లు, పన్నెండున్నర డిగ్రీల వాలు ఉన్న చుట్టకు ఇది సుమారు 13.7 డెసిబెల్స్ ఇస్తుంది. వాస్తవ కొలతలు అంతవరకు రావడం లేదని ఇతరులు చేసిన పరీక్షల్లో తేలింది. 1980లో కింగ్, వాంగ్ అనే పరిశోధకులు ప్రచురించిన విస్తృతమైన కొలతలు, ముఖ్యంగా పొడవైన చుట్టల విషయంలో ఆ సూత్రం ఎక్కువ చెబుతోందని చూపాయి. క్రౌస్ పుస్తకపు తరువాతి ముద్రణల్లో 15 స్థానంలో 12 చేరింది. మొదటి లెక్క 12.7 డెసిబెల్స్‌కు దిగింది. కాగితం మీద ఒక్క డెసిబెల్ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ శక్తిలో అది అయిదో వంతు. తన పేరు మీద చలామణీ అవుతున్న సూత్రాన్ని తన పుస్తకంలోనే దిద్దడం ఆచార్యుడు చేయాల్సిన పని. అయినా పాత 15తోనే లెక్క కట్టే నోట్సు, వెబ్‌సైట్లు ఈనాటికీ తగ్గలేదు.

1950లో మెక్‌గ్రా హిల్ ప్రచురించిన ఆయన పాఠ్యపుస్తకం పేరు కూడా 'యాంటెన్నాస్' అనే. అదే ఏడాది ఇల్లినాయ్ యూనివర్సిటీ ఆచార్యుడు ఎడ్వర్డ్ జోర్డన్ విద్యుదయస్కాంత తరంగాల మీద రాసిన పుస్తకమూ వచ్చింది. యాంటెన్నా ఇంజినీరింగును కాలేజీ పాఠంగా నిలబెట్టిన రెండు స్తంభాలు ఇవే అంటే అతిశయోక్తి కాదు. జోర్డన్ పుస్తకం మాక్స్‌వెల్ సమీకరణాల నుంచి మెట్టుమెట్టుగా యాంటెన్నా దగ్గరికి దిగుతుంది. క్రౌస్ పుస్తకం యాంటెన్నాను ముందు చేతికిచ్చి, ఇది ఏం చేస్తుంది, ఎంత ప్రాంతం నుంచి శక్తిని సేకరిస్తుంది, ఎంత కోణంలోకి పంపుతుంది అని అడిగి, తరువాత సమీకరణాల్లోకి తీసుకెళ్తుంది. బొమ్మలు ఎక్కువ, ఉజ్జాయింపు లెక్కలు ఎక్కువ. గణితపరంగా కఠినమైన పుస్తకం కోరుకునేవారికి అది కొన్నిచోట్ల తేలికగా అనిపించవచ్చు. కానీ మొదటిసారి నేర్చుకునే విద్యార్థికి యాంటెన్నా పట్ల ఒక అంతర్దృష్టిని ఇవ్వడంలో దానికి సాటి పుస్తకాలు తక్కువ.

ఆ పుస్తకంలో అన్నిటికంటే లోతైన భావన యాంటెన్నా ఉష్ణోగ్రత. మామూలు రెసిస్టరును వేడి చేస్తే దాని కొసల మధ్య చిన్న గరగర శబ్దంలాంటి వోల్టేజీ పుడుతుంది. ఎంత వేడెక్కితే అంత ఎక్కువ. యాంటెన్నా కొసల దగ్గర కొలిస్తే అక్కడా రెసిస్టెన్స్ కనిపిస్తుంది, దాన్నే రేడియేషన్ రెసిస్టెన్స్ అంటారు. అయితే ఈ రెసిస్టెన్స్ పుట్టించే ఆ గరగర (నాయిస్) లోహం వేడి మీద ఆధారపడదు. ఆ యాంటెన్నా బీమ్ దేన్ని చూస్తోందో దాని ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. నేలవైపు తిప్పితే సుమారు 300 కెల్విన్‌లు, సూక్ష్మతరంగాల్లో నిర్మలమైన ఆకాశంవైపు తిప్పితే కొద్ది కెల్విన్‌లు మాత్రమే. లోహం ఎండలో కాలిపోతున్నా సరే, చూసే ఆకాశం చల్లగా ఉంటే యాంటెన్నా చల్లని రెసిస్టరులాగే ప్రవర్తిస్తుంది. అంటే యాంటెన్నా ఒక దూరపు థర్మామీటరు. 1964లో బెల్ లేబరేటరీస్‌లో పెంజియస్, విల్సన్ తమ కొమ్ము ఆకారపు హార్న్ యాంటెన్నాలో ఎంత వెతికినా కారణం దొరకని సుమారు మూడున్నర కెల్విన్‌లను చూసి, చివరికి విశ్వపు తొలినాటి వేడి మిగులును కనుగొన్నది ఈ లెక్కతోనే. ఎలక్ట్రికల్ ఇంజినీరింగు నుంచి ఖగోళశాస్త్రానికి క్రౌస్ నడిచిన దారి ఇదే. ఆయన శాఖ మారలేదు, యాంటెన్నా చూస్తున్న వైపు చూశారంతే.

ఒహాయో స్టేట్‌లో 1950ల ఆరంభంలో కట్టిన తొలి రేడియో టెలిస్కోపు 96 హెలిక్స్‌ల వరుస. సుమారు 1.2 మీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అది పనిచేసేది. అంటే నేలమాళిగలో చుట్టిన చుట్టకు పదిరెట్లు పెద్దవి 96. దానితో క్రౌస్, ఆయన విద్యార్థిగా వచ్చి సహచరుడైన హెచ్.సి. కో కలిసి రేడియోలో ఆకాశపటం తయారు చేశారు. అయితే మరింత మసకైన మూలాలను పట్టాలంటే సేకరించే వైశాల్యం చాలా పెరగాలి. గుండ్రని డిష్‌ను ఎటు కావాలంటే అటు తిప్పే యంత్రాంగం ఆ పరిమాణంలో విశ్వవిద్యాలయపు బడ్జెట్‌కు అందనిది.

దీనికి ఆయన కనిపెట్టిన పరిష్కారం, ఆకాశాన్ని తిప్పే పనిని భూమికే వదిలేయడం. ఒహాయోలోని డెలావేర్ ఊరి దగ్గర 1956లో మొదలుపెట్టి, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో, ఎక్కువగా విద్యార్థుల పార్ట్‌టైమ్ శ్రమతో కట్టిన 'బిగ్ ఇయర్' టెలిస్కోపులో రెండు పెద్ద లోహ గోడలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి 104 మీటర్ల పొడవు, 30 మీటర్ల ఎత్తున్న చదునైన అద్దం. ఇది ముందుకీ వెనక్కీ మాత్రమే వంగుతుంది. రెండోది 110 మీటర్ల పొడవు, 21 మీటర్ల ఎత్తున్న, కదలని పారాబోలా గోడ. చదునైన అద్దం ఆకాశం నుంచి వచ్చిన తరంగాలను పారాబోలా మీదికి మళ్లిస్తుంది, పారాబోలా వాటిని హార్న్‌ల దగ్గరికి చేర్చుతుంది. మధ్యలో నేలంతా లోహంతో కప్పారు. 300 కెల్విన్‌ల నేల వేడి హార్న్‌లోకి చొరబడకుండా ఉండటం దాని ప్రయోజనాల్లో ఒకటి. అద్దాన్ని ఎంత వంచారన్నదాన్ని బట్టి ఆకాశంలో ఒక అడ్డుపట్టీ ఎంపికవుతుంది; భూభ్రమణం ఆ పట్టీని బీమ్ ముందు నుంచి నడిపిస్తుంది. కదిలే భాగాలు ఇంత తక్కువగా పెట్టుకుని ఇంత వైశాల్యం సాధించడం సివిల్ ఇంజినీరింగును కూడా కలుపుకున్న యాంటెన్నా రూపకల్పన. ఇక్కడే ఊటీ రేడియో టెలిస్కోపు గుర్తుకు రావడం సహజం. గోవింద్ స్వరూప్ బృందం 1970 నాటికి నీలగిరుల్లో, ఆ చోటి అక్షాంశానికి సమానమైన వాలు ఉన్న కొండను వెతికి, దాని మీద 530 మీటర్ల పొడవైన, పారాబోలాలా వంగిన స్థూపాకార యాంటెన్నాను కట్టింది. రెండుచోట్లా డబ్బు కొరతను జ్యామితితో పూరించారు.

1965లో మొదలైన ఒహాయో ఆకాశ సర్వే కొన్నేళ్లలో దాదాపు 20,000 రేడియో మూలాలను నమోదు చేసింది. వాటిలో సగానికి పైగా అంతవరకు ఎవరూ గుర్తించనివి. ఆ జాబితాలోని పేర్లు ఈనాటి ఖగోళశాస్త్రంలోనూ నలుగుతూనే ఉన్నాయి. ఓజే 287 అనే బ్లేజార్‌ను (మనవైపు శక్తి ధారను చిమ్మే చురుకైన గెలాక్సీ కేంద్రాన్ని) ఉదాహరణగా తీసుకోవచ్చు. ఓ అంటే ఒహాయో. జే అంటే రైట్ అసెన్షన్ (ఆకాశంలో రేఖాంశం లాంటిది, గంటల్లో కొలుస్తారు) ఎనిమిదో గంట. 2 అంటే డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) ఇరవైల్లో ఉందని. 87 అంటే ఆ గంటలో నూటికి 87 వంతులు, సుమారు 52 నిమిషాలు. ఒక బ్లాక్ హోల్ చుట్టూ మరో బ్లాక్ హోల్ తిరుగుతోందని భావిస్తున్న ఈ జంట మీద ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు కూడా ముఖ్యమైన లెక్కలు చేశారు. 1973లో అప్పటికి తెలిసినవాటిలో అత్యంత దూరపు క్వేజార్లుగా (బహుదూరాన ఎంతో ప్రకాశంగా వెలిగే గెలాక్సీ కేంద్రాలుగా) రికార్డు సృష్టించిన ఓహెచ్ 471, ఓక్యూ 172 రెండూ ఈ సర్వేలోవే.

విచిత్రమేమిటంటే సర్వే ఫలితాలు ఇలా వెలుగులోకి వస్తున్న సమయంలోనే, 1972లో ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. ఉద్యోగులు వెళ్లిపోయారు, టెలిస్కోపు మిగిలింది. 1973 నుంచి రాబర్ట్ డిక్సన్ నాయకత్వంలో ఎక్కువగా స్వచ్ఛంద సేవకులతో దాన్ని అన్యగ్రహ నాగరికతల సంకేతాల అన్వేషణకు వాడారు. బిగ్ ఇయర్ అనగానే జనానికి గుర్తొచ్చే సంకేతం 1977 ఆగస్టు 15న నమోదైంది. కొద్దిరోజుల తరువాత కంప్యూటర్ ప్రింటవుట్‌ను చూసిన స్వచ్ఛంద సేవకుడు జెర్రీ ఎమన్, ఆరు అక్షరాల ఒక నిలువు వరుస చుట్టూ గీత గీసి పక్కన 'వావ్' అని రాశారు. ఆ వరుస: ఆరు, ఈ, క్యూ, యూ, జే, అయిదు.

దాని గురించి పుట్టిన ఊహాగానాలకు లెక్కలేదు కానీ, యాంటెన్నా వైపు నుంచి దాన్ని చదివినవారు తక్కువ. ఒక్కో గుర్తు సుమారు 12 సెకన్ల కాలానికి, మామూలు నాయిస్ ఊగిసలాటకు సంకేతం ఎన్ని రెట్లు ఉందో చెబుతుంది. తొమ్మిది దాటితే అక్షరాలు మొదలవుతాయి: ఏ అంటే 10, అలా వరుసగా. కాబట్టి ఆ ఆరు గుర్తుల విలువలు 6, 14, 26, 30, 19, 5. పెరిగి, శిఖరం చేరి, తగ్గిన ఈ ఆకారం సంకేతం పంపినవారి రాత కాదు. బిగ్ ఇయర్ బీమ్ ఆకారం. 110 మీటర్ల పొడవైన రిఫ్లెక్టరు 21 సెంటీమీటర్ల తరంగానికి తూర్పు పడమరల్లో సుమారు ఎనిమిది ఆర్క్ నిమిషాల వెడల్పున్న బీమ్ ఇస్తుంది. ఆకాశం ఆ ప్రాంతంలో అంత దూరం జరగడానికి 36 సెకన్లు పడుతుంది; సగం శక్తికి దిగువనున్న అంచులను కూడా కలిపితే దానికి రెట్టింపు, 72 సెకన్లు. ఆరు పన్నెండ్లు 72. అంటే ఆ మూలం నక్షత్రాలతో పాటే కదులుతూ బీమ్‌ను దాటింది. దగ్గర్లో వెళ్లే విమానమో, భూమి మీది ట్రాన్స్‌మిటరో ఈ ఆకారాన్ని ఇంత సరిగ్గా అనుకరించడం కష్టం. అదే యాంటెన్నాలోని రెండు హార్న్‌లలో ఒకదానిలోనే అది కనిపించడం, మళ్లీ ఎన్నడూ రాకపోవడం మరోవైపు తూగే వాస్తవాలు. కొలత అంతవరకే చెప్పగలదు. ఈ సంకేతమే క్రౌస్ జీవితానికి శిఖరమన్నట్లు రాసే వార్తాకథనాలు ఇరవై వేల మూలాల పట్టికకు అన్యాయం చేస్తున్నాయి.

టెలిస్కోపు అంతమైన తీరు విద్యాసంస్థలకు సంబంధించిన ప్రశ్న. అది నిలిచిన స్థలం ఒహాయో స్టేట్‌ది కాదు, ఒహాయో వెస్లియన్ యూనివర్సిటీది. 1980ల ఆరంభంలో ఆ స్థలాన్ని డెవలపర్లకు అమ్మేశారు. లీజు కొనసాగిస్తూ మరికొన్నేళ్లు నెట్టుకొచ్చినా 1998లో టెలిస్కోపును కూల్చి, గోల్ఫ్ కోర్సు విస్తరించారు. క్రౌస్‌కు అప్పుడు 88 ఏళ్లు. 1985లో ఎడిసన్ మెడల్, 1990లో హైన్‌రిక్ హెర్ట్జ్ మెడల్ ఇచ్చి ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ ఆయనను గౌరవించింది. ఆయన కట్టిన పరికరాన్ని నిలబెట్టడానికి మాత్రం ఏ సంస్థా ముందుకు రాలేదు. దశాబ్దాల పాటు కొలతలు ఇవ్వాల్సిన పరికరాన్ని ఇతరుల నేల మీద కట్టడం నిధుల కొరతలో తీసుకున్న నిర్ణయమే అయినా, దాని ఫలితాన్ని ఒక తరం తరువాతి విద్యార్థులు అనుభవించారు. క్రౌస్ 2004లో డెలావేర్‌లోనే మరణించారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివినవారికి క్రౌస్ పేరు పరిచయమే. ఏడబ్ల్యూపీ అని విద్యార్థులు పిలుచుకునే యాంటెన్నాస్ అండ్ వేవ్ ప్రాపగేషన్ సబ్జెక్టుకు జేఎన్‌టీయూ సిలబస్‌లో చెప్పే పుస్తకాల్లో క్రౌస్, మార్‌హెఫ్కా, అహ్మద్ షాహిద్ ఖాన్‌ల పేర్లతో వచ్చిన భారతీయ ముద్రణ ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా, వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి.ఎస్.ఎన్. రాజు ఇదే పేరుతో రాసిన పాఠ్యపుస్తకమూ విస్తృతంగా వాడుకలో ఉంది. హెలికల్ యాంటెన్నా యాక్సియల్ మోడ్ (అక్షం వెంట బీమ్ వచ్చే తీరు) గురించి వివరించమన్న ప్రశ్న పరీక్షల్లో తరచూ వస్తుంది; బొమ్మ గీసి, సూత్రాలు రాసి, మార్కులు తెచ్చుకునేవారికి కొదవలేదు. చుట్ట చుట్టి చూసేవారే అరుదు. లోపం విద్యార్థుల్లో లేదు. యాంటెన్నా ల్యాబ్ అంటే ఖరీదైన వ్యవహారమన్న అభిప్రాయం బలపడి, ప్రయోగం చాలాచోట్ల సిమ్యులేషన్ తెరకు పరిమితమైంది.

నిజానికి ఈ ప్రయోగానికి ఇప్పుడున్నంత వీలు క్రౌస్‌కు కూడా లేదు. ఆయన ఆసిలేటరు తరంగదైర్ఘ్యం 12 సెంటీమీటర్లు. ప్రతి హాస్టల్లోనూ వెలిగే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై రౌటరుదీ దాదాపు అంతే. 3.9 సెంటీమీటర్ల వ్యాసమున్న ప్లాస్టిక్ గొట్టం, దాని మీద చుట్టుకు 2.7 సెంటీమీటర్ల ఎడంతో ఏడు చుట్లు రాగితీగ, వెనుక పది పన్నెండు సెంటీమీటర్ల లోహపు పలక, ఒక కనెక్టరు చాలు. చుట్ట కొసల దగ్గర రెసిస్టెన్స్ 140 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, కేబుల్‌ది 50. ఆ పొంతన కుదర్చడానికి మొదటి పావు చుట్టు దగ్గర తీగను వెడల్పు చేసి పలకకు దగ్గరగా వంచడం ఇంపెడెన్స్ మ్యాచింగ్‌కు మంచి పాఠం. తరువాత రౌటరు యాంటెన్నాను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి సిగ్నల్ బలాన్ని కొలవాలి. మామూలు యాంటెన్నాతో కొలిస్తే రెండు భంగిమల మధ్య పెద్ద తేడా కనిపిస్తుంది, హెలిక్స్‌తో కొలిస్తే కనిపించదు. గోడల నుంచి వచ్చే ప్రతిఫలనాలు గదిలో ఈ ఫలితాన్ని చెడగొడతాయి కాబట్టి కాలేజీ మైదానంలోనో, మేడ మీదనో చేయడం మేలు. అదే కొలతతో బీమ్ వెడల్పు 42 డిగ్రీలకు దగ్గరగా వస్తోందా, గెయిన్ 15 గుణకానికి దగ్గరగా ఉందా, 12కు దగ్గరగా ఉందా అన్నది కూడా విద్యార్థే తేల్చుకోవచ్చు.